భాగం - 11 : పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ వేగాన్ని పెంచడం - ఓవర్‌క్లాకింగ్

విషయ క్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 గడియార స్పందన - ప్రాసెసర్ వేగం
11.3 వేగం పెంచడానికి అవకాశం ఎందుకు ఉంటుంది?
11.4 వేగం, వోల్టేజి, వేడి
11.5 ఆటకు కలిగే లాభం
11.6 ఆచరణ క్రమం
11.7 ప్రమాదాలు, పరిమితులు
11.8 సారాంశం
11.9 కీలక పదాలు
11.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి - జవాబులు
11.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

- ప్రాసెసర్ పౌనఃపున్యం ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
- వేగం పెంచినప్పుడు విద్యుత్ వినియోగం, వేడి ఎంత పెరుగుతాయో లెక్కించగలుగుతారు.
- ఆటను వెనక్కు లాగుతున్నది ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా అని పరీక్షించి తేల్చగలుగుతారు.
- ఓవర్‌క్లాకింగ్‌ను ఏ క్రమంలో చేయాలో, ఎక్కడ ఆపాలో చెప్పగలుగుతారు.
- ఈ పని ఎప్పుడు చేయకూడదో నిర్ణయించుకోగలుగుతారు.

11.1 పరిచయం

మన ఇళ్లలో చాలావరకు కంప్యూటర్ ఒక్కటే ఉంటుంది. పగలు దానిమీదే దుకాణం లెక్కలు, పరీక్ష దరఖాస్తులు, ప్రాజెక్టు నివేదికలు. రాత్రి దానిమీదే ఆటలు. పదేళ్లు దాటిన కంప్యూటర్ లెక్కలకు, ఉత్తరాలకు ఇప్పటికీ సరిపోతుంది. కొత్త ఆట పెట్టేసరికి మాత్రం బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. కొత్తది కొనే వీలు లేనప్పుడు ఉన్నదాని నుంచే మరికొంత వేగం రాబట్టవచ్చునా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. తయారీదారు నిర్ణయించిన పౌనఃపున్యం కంటే ఎక్కువ పౌనఃపున్యంతో ప్రాసెసర్‌ను నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1998లో ఇంటెల్ సంస్థ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్‌ను విడుదల చేసింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు బస్సు వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చితే అదే ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసేది. ఆ రోజుల్లో ఎంతో ఖరీదైన పెంటియం 2 కూడా అదే వేగంతో నడిచేది. ఓవర్‌క్లాకింగ్‌కు పేరు తెచ్చిన ప్రాసెసర్లలో ఇది ముఖ్యమైనది.

ఈ భాగంలో మనం 2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసర్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. దీనిలో నాలుగు కోర్‌లు ఉంటాయి. పాత యంత్రాల్లో ఓవర్‌క్లాకింగ్‌కు అనువైనదిగా దీనికి మంచి పేరుంది. ఇక్కడ నేర్చుకునే సూత్రాలు ఇతర ప్రాసెసర్లకూ వర్తిస్తాయి.

వాడుకలో మనం క్యాబినెట్ మొత్తాన్ని సి.పి.యు. అని పిలుస్తాం. ఈ భాగంలో ప్రాసెసర్ అన్నప్పుడు మదర్‌బోర్డు మీద, ఫ్యాను కింద ఉండే చిప్ అని మాత్రమే గ్రహించండి.

11.2 గడియార స్పందన - ప్రాసెసర్ వేగం

ప్రాసెసర్‌లోని కోట్లాది ట్రాన్సిస్టర్లు ఒకే తాళానికి అడుగు వేయాలి. ఆ తాళాన్ని వేసేది గడియార స్పందన. సెకనుకు ఎన్ని స్పందనలు వస్తే అంత పౌనఃపున్యం. దీన్ని ఇలా లెక్కిస్తారు:

ప్రాసెసర్ పౌనఃపున్యం = మూల పౌనఃపున్యం × గుణకం

ఐ5-2500కె లో మూల పౌనఃపున్యం 100 మెగాహెర్ట్జ్, గుణకం 33. కనుక దాని ప్రకటిత వేగం 3.3 గిగాహెర్ట్జ్. టర్బో సౌకర్యం వల్ల ఒక్క కోర్ మాత్రమే పనిచేస్తున్నప్పుడు 3.7 వరకు, నాలుగూ పనిచేస్తున్నప్పుడు 3.4 వరకు అది తనంతట తాను పెరుగుతుంది. ఆటల్లో అన్ని కోర్‌లూ పనిలో ఉంటాయి కాబట్టి మన లెక్కలకు 3.4 ను ప్రారంభ విలువగా తీసుకుందాం.

పై సమీకరణాన్ని బట్టి వేగం పెంచడానికి రెండు దారులు కనిపిస్తాయి. కోర్ 2 తరం వరకు మూల పౌనఃపున్యాన్ని, అంటే బస్సు వేగాన్ని పెంచేవారు. ఐ5-2500కె తరంలో మాత్రం హార్డ్ డిస్కు, గ్రాఫిక్స్ కార్డు అతుక్కునే మార్గాలు కూడా అదే మూల పౌనఃపున్యంపై ఆధారపడి ఉంటాయి. దాన్ని కొద్ది శాతం మించి కదిలిస్తే ఆ మార్గాలు తడబడతాయి. కాబట్టి ఇక్కడ మిగిలింది గుణకం ఒక్కటే.

గుణకాన్ని పెంచాలంటే రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, ప్రాసెసర్ పేరు చివర 'కె' అక్షరం ఉండాలి. రెండవది, మదర్‌బోర్డులోని చిప్‌సెట్ అందుకు అనుమతించాలి. పి67, జెడ్68, జెడ్77 చిప్‌సెట్లు అనుమతిస్తాయి, హెచ్61 అనుమతించదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పాత యంత్రాన్ని కొనేటప్పుడు ఈ రెండింటినీ అడిగి తెలుసుకోండి. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన బ్రాండెడ్ యంత్రాల్లో సాధారణంగా 'కె' ప్రాసెసర్ ఉండదు. బయాస్‌లో ఈ అమరికలూ ఉండవు. మీది అటువంటిదైతే 11.5 లోని పరీక్ష, 11.6 లోని మొదటి మూడు మెట్లు మీకు ఉపయోగపడతాయి. మిగిలినది విషయ పరిజ్ఞానం కోసం చదవండి.

11.3 వేగం పెంచడానికి అవకాశం ఎందుకు ఉంటుంది?

తయారీదారు 3.3 అని ముద్ర వేసిన చిప్ 4.2 వద్ద ఎలా నడుస్తుంది? దీనికి మూడు కారణాలు ఉన్నాయి.

1. ఒకే సిలికాన్ పలకపై తయారైన చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. పరీక్షించి, హామీ ఇవ్వగల వేగాన్ని బట్టి వాటిని తరగతులుగా విడదీస్తారు. ఒక తరగతిలోని చిప్‌లన్నీ ఆ వేగాన్ని తప్పక అందుకోవాలి. కాబట్టి వాటిలో చాలావాటికి ఆ హద్దు కంటే ఎక్కువ శక్తి ఉంటుంది.

2. చిప్ చెడు పరిస్థితుల్లోనూ, ఏళ్ల తరబడి వాడిన తరువాతా పనిచేయాలి. ఇందుకోసం తయారీదారు కొంత వెసులుబాటు ఉంచుతాడు.

3. చవక తరగతికి గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు మంచి చిప్‌లను కూడా తక్కువ తరగతి ముద్రతో అమ్మవచ్చు.

అయితే ఈ వెసులుబాటుకు హద్దు ఉంది. ఒక స్పందనకు, తరువాతి స్పందనకు మధ్య వ్యవధిలోనే సంకేతం ట్రాన్సిస్టర్ల వరుసను దాటి గమ్యం చేరాలి. 3.4 గిగాహెర్ట్జ్ వద్ద ఈ వ్యవధి 0.294 నానోసెకను, 4.2 వద్ద 0.238, 4.5 వద్ద 0.222 మాత్రమే. చిప్‌లో అన్నింటికంటే పొడవైన సంకేత మార్గానికి ఈ వ్యవధి చాలకపోతే, ఫలితం సిద్ధం కాకముందే తరువాతి స్పందన వచ్చేస్తుంది. అప్పుడు 1 ఉండవలసిన చోట 0 నమోదవుతుంది. ఓవర్‌క్లాకింగ్‌లో వచ్చే దోషాలకు మూలం చాలావరకు ఇదే.

వోల్టేజి పెంచితే ట్రాన్సిస్టర్లు త్వరగా మారతాయి. సంకేతం సమయానికి చేరుతుంది. అందుకే ఒక హద్దు దాటాక వేగంతో పాటు వోల్టేజిని కూడా పెంచవలసి వస్తుంది. అసలు ఖర్చు అక్కడి నుంచే మొదలవుతుంది.

11.4 వేగం, వోల్టేజి, వేడి

ట్రాన్సిస్టర్లు మారేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్ సామర్థ్యాన్ని ఈ సూత్రంతో అంచనా వేస్తారు:

సామర్థ్యం = స్థిరాంకం × (వోల్టేజి)² × పౌనఃపున్యం

ఇక్కడ స్థిరాంకం చిప్ కెపాసిటెన్స్‌పై, దానికి ఉన్న పని భారంపై ఆధారపడుతుంది. పౌనఃపున్యం 10 శాతం పెరిగితే సామర్థ్యం కూడా 10 శాతమే పెరుగుతుంది. వోల్టేజి 10 శాతం పెరిగితే మాత్రం సామర్థ్యం 21 శాతం పెరుగుతుంది, ఎందుకంటే సూత్రంలో వోల్టేజి వర్గం ఉంది. రెండూ 10 శాతం పెరిగితే 33 శాతం.

ఖర్చయిన విద్యుత్తంతా చివరకు వేడిగా మారుతుంది. ఆ వేడిని హీట్ సింక్, ఫ్యాను గాలిలోకి పంపాలి. ప్రాసెసర్ ఉష్ణోగ్రతను ఇలా అంచనా వేయవచ్చు:

ప్రాసెసర్ ఉష్ణోగ్రత = చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రత + (సామర్థ్యం × ఉష్ణ నిరోధం)

ఉదాహరణకు 3.4 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల వద్ద ప్రాసెసర్ తన ప్రకటిత 95 వాట్లు వాడుతుందనీ, కూలర్ ఉష్ణ నిరోధం వాటుకు 0.35 డిగ్రీలనీ అనుకుందాం. ఫలితాలు కింది పట్టికలో ఉన్నాయి. ఉష్ణోగ్రతలు సెల్సియస్‌లో, సామర్థ్యం వాట్లలో ఇచ్చాం.

పట్టిక 11.1

| పౌనఃపున్యం (గిగాహెర్ట్జ్) | వోల్టేజి | సామర్థ్యం | గాలి 28 డిగ్రీలైతే | గాలి 42 డిగ్రీలైతే |
|---|---|---|---|---|
| 3.4 | 1.20 | 95 | 61 | 75 |
| 4.2 | 1.30 | 138 | 76 | 90 |
| 4.5 | 1.40 | 171 | 88 | 102 |

ఈ పట్టికను నిదానంగా పరిశీలించండి. 3.4 నుంచి 4.2 కు వెళితే వేగం సుమారు 24 శాతం పెరిగింది, సామర్థ్యం 45 శాతం పెరిగింది. 4.5 కు వెళితే వేగం 32 శాతం, సామర్థ్యం 80 శాతం. అంటే చివరి 0.3 గిగాహెర్ట్జ్ కోసమే అదనంగా 33 వాట్లు చెల్లించాం.

చివరి రెండు నిలువు వరుసలు మన ప్రాంతానికి మరీ ముఖ్యం. విదేశాల్లో చల్లని గదుల్లో పరీక్షించినవారు చెప్పే అమరికలు రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం పనికిరావు. గదిలో ఏసీ లేకపోతే క్యాబినెట్ లోపలి గాలి 42 డిగ్రీలు దాటడం వింత కాదు. ఐ5-2500కె గరిష్ఠ ఉష్ణోగ్రత 98 డిగ్రీలు. ఆ హద్దుకు చేరగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. అంటే 4.5 అని అమర్చుకున్న యంత్రం ఎండాకాలంలో 4.2 యంత్రం కంటే నెమ్మదిగా నడిచే అవకాశం ఉంది. సంక్రాంతికి కుదిరిన అమరిక రోహిణి కార్తెకు కుదరదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
గమనిక: మీ జవాబులను నోటు పుస్తకంలో రాసి, 11.10 లో ఇచ్చిన జవాబులతో సరిచూసుకోండి.
1. కోర్ 2 క్వాడ్ క్యూ6600 లో బస్సు 266 మెగాహెర్ట్జ్, గుణకం 9. బస్సును 333 కు పెంచితే వేగం ఎంత నుంచి ఎంతకు మారుతుంది?
2. వోల్టేజిని మార్చకుండా వేగాన్ని 15 శాతం పెంచితే సామర్థ్యం ఎంత శాతం పెరుగుతుంది?

11.5 ఆటకు కలిగే లాభం

ఆటలో కదలిక అంటే వరుసగా మారే నిశ్చల చిత్రాలే. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. ప్రతి ఫ్రేమ్‌కు ఇద్దరు పనివాళ్లు కావాలి. ఎవరు ఎక్కడున్నారు, బంతి ఎటు పోతుంది, శత్రువు ఏం చేస్తాడు అనే లెక్కలు ప్రాసెసర్ వేస్తుంది. ఆ లెక్కల ప్రకారం బొమ్మను గ్రాఫిక్స్ కార్డు గీస్తుంది. కార్డు ఒక ఫ్రేమ్ గీస్తుండగా ప్రాసెసర్ తరువాతి ఫ్రేమ్ లెక్కలు వేస్తుంటుంది. కాబట్టి ఇద్దరిలో నెమ్మదైనవారే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తారు.

ఉదాహరణ 1: ఒక ఫ్రేమ్‌కు ప్రాసెసర్ 20 మిల్లీసెకన్లు, కార్డు 14 మిల్లీసెకన్లు తీసుకుంటాయి. సెకనుకు 1000 ÷ 20 = 50 ఫ్రేమ్‌లు వస్తాయి. ప్రాసెసర్‌ను 3.4 నుంచి 4.2 కు పెంచితే 20 మిల్లీసెకన్లు 16.2 కు తగ్గుతాయి. ఫ్రేమ్‌లు సుమారు 62 అవుతాయి. 4.5 కు పెంచితే 66. ఈ తేడా కంటికి తెలుస్తుంది.

ఉదాహరణ 2: ప్రాసెసర్‌కు 20, కార్డుకు 25 మిల్లీసెకన్లు పడుతున్నాయి. ఫ్రేమ్‌లు 40. ప్రాసెసర్‌ను ఎంత పెంచినా ఫ్రేమ్‌లు 40 గానే ఉంటాయి. కరెంటు ఖర్చు, వేడి మాత్రమే మిగులుతాయి.

(ప్రాసెసర్ పని మొత్తం దాని పౌనఃపున్యంతో సమానంగా వేగవంతమవుతుందని ఇక్కడ అనుకున్నాం. ర్యామ్ కోసం వేచి ఉండే సమయం తగ్గదు కాబట్టి నిజంగా వచ్చే లాభం దీనికంటే కొంత తక్కువగా ఉంటుంది.)

మీ యంత్రం ఏ ఉదాహరణకు చెందుతుందో తెలుసుకోవడం సులభం. ఆటలో ఒకే చోట నిలబడి ఫ్రేమ్‌ల సంఖ్య రాసుకోండి. తరువాత ఆట అమరికల్లో రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720 కు తగ్గించి మళ్లీ చూడండి. దీనివల్ల కార్డు పని బాగా తగ్గుతుంది, ప్రాసెసర్ పని దాదాపు అలాగే ఉంటుంది. ఫ్రేమ్‌లు బాగా పెరిగితే అడ్డు కార్డు. పెరగకపోతే అడ్డు ప్రాసెసర్. ఈ రెండవ సందర్భంలో మాత్రమే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ వల్ల ప్రయోజనం ఉంది. ఈ పరీక్ష చేసేటప్పుడు ఆటలోని వి-సింక్ అమరికను తీసేయండి. లేకపోతే ఫ్రేమ్‌లు మానిటర్ వేగం దగ్గరే ఆగిపోయి, తప్పు నిర్ణయానికి దారితీస్తాయి.

11.6 ఆచరణ క్రమం

కింది మెట్లను వరుస తప్పకుండా పాటించండి.

మెట్టు 1 - నకలు తీసుకోవడం. ముఖ్యమైన ఫైళ్లన్నింటినీ పెన్‌డ్రైవ్‌లోకో, బయటి హార్డ్ డిస్కులోకో తీసుకుని, దాన్ని కంప్యూటర్ నుంచి వేరుచేసి పెట్టండి. ఇంట్లో మరొకరి ఫైళ్లు ఉంటే వారికి చెప్పి చేయండి.

మెట్టు 2 - శుభ్రం చేయడం. ప్లగ్ తీసి, క్యాబినెట్ తెరిచి, హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్మును కుంచెతో తొలగించండి. పాత థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. తుడిచి బియ్యపు గింజంత కొత్త పేస్టు వేయండి. చాలా పాత యంత్రాల్లో ఈ పనితోనే ఉష్ణోగ్రత బాగా తగ్గుతుంది.

మెట్టు 3 - ర్యామ్ చూడటం. ఒకే 8 జీబీ కర్ర కంటే ఒకే వేగం గల రెండు 4 జీబీ కర్రలు మేలు. అప్పుడు ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు మధ్య రెండు మార్గాలు తెరుచుకుంటాయి; గరిష్ఠ రవాణా రెట్టింపు అవుతుంది.

మెట్టు 4 - విద్యుత్ సరఫరా లెక్క. ప్రాసెసర్ 95, కార్డు 120, మిగిలినవి 40 వాట్లు అనుకుంటే మొత్తం 255. ఎస్.ఎం.పి.ఎస్. దక్షత 80 శాతమైతే గోడ నుంచి తీసుకునేది సుమారు 319 వాట్లు. ప్రాసెసర్ 138 కు చేరితే ఇది సుమారు 373 అవుతుంది. ఇళ్లలో వాడే 600 వి.ఎ. యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్ల వరకే ఇస్తుంది. అంటే ఇంతకుముందు కరెంటు పోతే ఆదుకున్న యు.పి.ఎస్. ఇప్పుడు ఆట మధ్యలో చేతులెత్తేయవచ్చు. పేరులేని చవక ఎస్.ఎం.పి.ఎస్. ఉన్న యంత్రంలో ఈ ప్రయోగం చేయకండి.

మెట్టు 5 - ప్రారంభ స్థితి నమోదు. కోర్ టెంప్ వంటి ప్రోగ్రాంతో ఖాళీగా ఉన్నప్పటి, ఆట ఆడుతున్నప్పటి ఉష్ణోగ్రతలు, ఫ్రేమ్‌లు కాగితం మీద రాసుకోండి. కొలత లేకుండా లాభం తెలియదు.

మెట్టు 6 - గుణకం పెంచడం. కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ మీట నొక్కితే ఎక్కువ మదర్‌బోర్డుల్లో బయాస్ తెరుచుకుంటుంది. వోల్టేజిని ముట్టుకోకుండా గుణకాన్ని 36 కు మార్చి, భద్రపరచి బయటకు రండి. తరువాత 38, ఆపై ఒక్కొక్కటిగా పెంచండి. వోల్టేజిని 'ఆటో'లో వదిలితే కొన్ని బోర్డులు అవసరానికి మించి పెంచుతాయి. కాబట్టి దాన్ని గమనిస్తూ ఉండండి.

మెట్టు 7 - పరీక్షించడం. ప్రతి మార్పు తరువాత ప్రైమ్95 ప్రోగ్రాంను 15 నిమిషాలు నడపండి. అది పెద్ద గణనలు చేసి, ఫలితాలు సరిగా ఉన్నాయో లేదో తనే సరిచూస్తుంది. తప్పు చూపినా, యంత్రం ఆగిపోయినా, నీలితెర వచ్చినా ఆ వేగం ఆ వోల్టేజికి ఎక్కువని అర్థం.

మెట్టు 8 - వోల్టేజి, ఆగవలసిన చోటు. తప్పు వచ్చిన చోట వోల్టేజిని 0.02 వోల్టుల చొప్పున మాత్రమే పెంచి మళ్లీ పరీక్షించండి. పూర్తి భారం మీద ఉష్ణోగ్రత 80 డిగ్రీలకు చేరితే, లేదా వోల్టేజి 1.35 కు చేరితే ఆపి, ఒక మెట్టు వెనక్కు రండి. చలికాలంలో అమర్చుకుంటున్నట్లయితే మరో మెట్టు వెనక్కు రండి. చివరి అమరికను కొన్ని గంటలపాటు పరీక్షించిన తరువాతే ఖాయం చేయండి.

అమరిక తప్పి తెర రాకపోతే కంగారు పడకండి. ప్లగ్ తీసి, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెడితే, బయాస్ తన మొదటి అమరికలకు తిరిగి వస్తుంది.

11.7 ప్రమాదాలు, పరిమితులు

ఓవర్‌క్లాకింగ్ అనగానే చిప్ కాలిపోతుందని చాలామంది భయపడతారు. ఉష్ణోగ్రత రక్షణ ఉన్న ప్రాసెసర్లలో అది అరుదు. దానికంటే పెద్ద ప్రమాదం చప్పుడు చేయనిది. అరకొరగా స్థిరపడిన ప్రాసెసర్ ఆటలో తప్పు చేస్తే ఒక బొమ్మ వంకర పోతుంది. అదే ప్రాసెసర్ లెక్కల ఫైలును భద్రపరిచేటప్పుడు తప్పు చేస్తే ఒక అంకె మారుతుంది. ఏ హెచ్చరికా రాదు. వారాల తరువాత ఎప్పుడో బయటపడుతుంది. అప్పటికి నకలులో కూడా తప్పే చేరి ఉండవచ్చు. కాబట్టి 'ఆట ఆగిపోలేదు' అన్నది స్థిరత్వానికి రుజువు కాదు. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ దోషాల నమోదును వారానికోసారి చూడటం అలవాటు చేసుకోండి.

రెండవది, చిప్ ఆయుర్దాయం. విద్యుత్ ప్రవాహ సాంద్రత, ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ చిప్‌లోని సన్నని లోహపు తీగల్లో పరమాణువులు నెమ్మదిగా స్థానం మారతాయి. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. పాత యంత్రంలో ప్రాసెసర్ కంటే ముందు మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు అలసిపోవచ్చు. వాటి తలలు ఉబ్బి కనిపిస్తే ఈ పని మానుకోండి.

మూడవది, వేగం తీర్చలేని లోటులు. ఓవర్‌క్లాకింగ్ కొత్త కోర్‌లను తేలేదు. ఎ.వి.ఎక్స్.2 ఆదేశాలు ఇంటెల్‌లో 2013 నాటి తరం నుంచే ఉన్నాయి. అవి తప్పనిసరిగా కావాలనే ఆట ఐ5-2500కె మీద 5 గిగాహెర్ట్జ్ వద్ద కూడా తెరుచుకోదు.

ఇక కరెంటు ఖర్చు. అదనంగా 43 వాట్లు, రోజుకు 4 గంటలు, 30 రోజులు లెక్క వేస్తే నెలకు 5.2 యూనిట్లు, ఎస్.ఎం.పి.ఎస్. నష్టం కలిపితే ఆరున్నర. ఇది పెద్ద భారం కాదు.

నిర్ణయం మీది. అయితే పరీక్షల నెలలో, ప్రాజెక్టు సమర్పించే వారంలో, లేదా ఇంటి జమాఖర్చులన్నీ ఒకే యంత్రంలో ఉండి నకలు లేనప్పుడు ఈ పని మొదలుపెట్టకండి. ల్యాప్‌టాప్‌లో అసలే వద్దు. పెరిగిన వేడి బయటకు పోవడానికి అందులో చోటు ఉండదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
3. రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేమ్‌లు పెరగలేదు. అడ్డుగా ఉన్నది ఏది?
4. కూలర్ ఉష్ణ నిరోధం వాటుకు 0.25 డిగ్రీలైతే, 138 వాట్ల వద్ద, 42 డిగ్రీల గాలిలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఎంత?

11.8 సారాంశం

ప్రాసెసర్ వేగం మూల పౌనఃపున్యం, గుణకాల లబ్ధం. తయారీదారు ఉంచిన వెసులుబాటు వల్ల దాన్ని కొంత పెంచవచ్చు. వేగంతో పాటు వోల్టేజి పెరిగితే వేడి అంతకంటే ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది. ఆటకు అడ్డు ప్రాసెసర్ అయినప్పుడు మాత్రమే దీనివల్ల లాభం ఉంటుంది. శుభ్రం చేయడం, కొలవడం, కొంచెం కొంచెంగా పెంచడం, ప్రతిసారీ పరీక్షించడం అనే క్రమాన్ని పాటించాలి. మన ఎండలను దృష్టిలో పెట్టుకొని హద్దును నిర్ణయించుకోవాలి.

11.9 కీలక పదాలు

గుణకం: మూల పౌనఃపున్యాన్ని ప్రాసెసర్ ఎన్ని రెట్లు చేసుకుంటుందో తెలిపే సంఖ్య.
బయాస్: కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు పనిచేసే ప్రోగ్రాం.
ఉష్ణ నిరోధం: ఒక వాటు వేడికి ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో తెలిపే విలువ.
ఫ్రేమ్: ఆటలో తెరపై గీసే ఒక నిశ్చల చిత్రం.
ఎలక్ట్రోమైగ్రేషన్: విద్యుత్ ప్రవాహం వల్ల చిప్ తీగల్లో పరమాణువులు స్థానం మారడం.

11.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి - జవాబులు

1. సుమారు 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 3.0 గిగాహెర్ట్జ్‌కు.
2. 15 శాతం.
3. ప్రాసెసర్.
4. 42 + (138 × 0.25) = 76.5 డిగ్రీలు. పట్టిక 11.1 లోని 90 తో పోల్చండి. మంచి కూలర్ విలువ మీకే తెలుస్తుంది.

11.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వేగం, వోల్టేజి, ఉష్ణోగ్రతల మధ్య సంబంధాన్ని పట్టిక సహాయంతో వివరించండి.
2. ఓవర్‌క్లాకింగ్ ఆచరణ క్రమాన్ని, ప్రతి మెట్టు వెనుక ఉన్న కారణాన్ని వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రకటిత వేగం కంటే ఎక్కువ వేగంతో చిప్ నడవడానికి కారణాలేవి?
2. 'ఆట ఆగిపోలేదు కాబట్టి యంత్రం స్థిరంగా ఉంది' అనే వాదనలోని లోపం ఏమిటి?
3. మీ ఇంటి యు.పి.ఎస్. మీద రాసిన విలువను చూసి, మీ కంప్యూటర్‌ను ఓవర్‌క్లాక్ చేస్తే అది సరిపోతుందో లేదో లెక్కించండి.